శాలువా ఫోటోలో మరమనిషి

కొత్తగా కెమెరా కొన్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నా స్టూడియో మూసేసినా దాని బోర్డు ఇంకా మా గోడకే ఉంది, అది చూసి వస్తారు. ఏ లెన్స్ కొనాలి, పెళ్ళిళ్ళకు ఏ ఫ్లాష్ మంచిది అని అడుగుతారు. ఆ జవాబులు వాళ్ళ ఫోన్లలోనే నాకంటే బాగా దొరుకుతాయి. వాళ్ళు అడగనిది ఒకటుంది. ఈ పని ఏళ్ళ తరబడి చేస్తే మనిషి ఏమవుతాడు అన్నది. అది రాయడానికి కూర్చున్నాను. చదివి ఎవరైనా కెమెరా అమ్మేసుకుంటే నన్ను తిట్టుకోవద్దు.

నాందేడ్‌లో నేను తీసిన పెళ్ళిళ్ళ గురించి రాయను. పెళ్ళిళ్ళన్నీ ఒకటే. ఊళ్ళో ఏడాదికోసారి జరిగే సైన్స్ కథల అభిమానుల సమ్మేళనం గురించి రాస్తాను. నేను డబ్బు కోసం కాకుండా ఇష్టంతో చేసిన పని అదొక్కటే. నన్ను ఈ వృత్తి నుంచి బయటికి నెట్టింది కూడా అదే.

చెవులు లేని పని

నాకు పని నేర్పినవాడు హమీద్ భాయ్. మా ఊరి పాతబస్తీలో ఆయన స్టూడియో. గోడ మీద తాజ్‌మహల్ పరదా, ముందు ఒక ప్లాస్టిక్ పూలకుండీ. పదో తరగతి తప్పి ఆయన దగ్గర చేరాను. ఒక పెళ్ళిలో అప్పగింతల వేళ పెళ్ళికూతురి మేనత్త ఏదో పాట అందుకుంది. వింటూ నిలబడిపోయాను. తండ్రి బిడ్డ చేయి పట్టుకున్న క్షణం జారిపోయింది.

స్టూడియోకు వచ్చాక హమీద్ భాయ్ తిట్టలేదు. చాయ్ పోయించి, నా చెవి పట్టుకుని మెల్లగా లాగాడు.

"సున్ నక్కో రే, దేఖ్. ఇనకు, సూడు. ఫోటోగ్రాఫర్‌కు కళ్ళుంటే సాలు. చెవులు ఇంట్ల పెట్టి రా."

ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. సభలో మాట్లాడేది వింటే చేయి ఆలస్యమవుతుంది. పెదవులు చూడాలి, చేతులు చూడాలి, ఎవరు ఎప్పుడు లేస్తారో చూడాలి. నేను తీసిన ఉపన్యాసాలు వేలల్లో ఉంటాయి. ఒక్కదాంట్లో ఏం చెప్పారో అడిగితే చెప్పలేను. ఎవరు చేయి పైకెత్తి మాట్లాడతారో, ఎవరు బల్ల గుద్దుతారో చెప్పగలను. మీరూ అలాగే అవుతారు. మొదట్లో తెలియదు. కొన్నేళ్ళకు ఇంట్లో పెళ్ళాం మాట్లాడుతుంటే కూడా పెదవులే చూస్తుంటారు.

తెలుగు అలమార

మా నాయన ఇక్కడి బట్టల మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ. తెలుగు లిపి నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. గ్రంథాలయంలో చివరి గదిలో ఒక ఇనుప అలమార ఉండేది, నిండా తెలుగు పుస్తకాలు. నిజాం కాలం నుంచి మిగిలినవి కొన్ని, ఎవరో బదిలీ మీద పోతూ ఇచ్చిపోయినవి కొన్ని. తాళం తీయించుకుని, మా అమ్మకు తెలిసిన నాలుగు అక్షరాలు పట్టుకుని, బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, ఆ అలమార మొత్తం చదివాను. తర్వాత మరాఠీ గదికి వెళ్ళాను. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని హమీద్ భాయ్‌కు అలవాటుగా తెలుసు. నాకు గ్రంథాలయంలోని భౌతికశాస్త్రం పుస్తకం వల్ల తెలుసు. ఆ తేడాకు అప్పట్లో చాలా గర్వపడేవాణ్ణి, ఇప్పటికీ కొంత ఉంది.

సైన్స్ కథలు అక్కడే అలవాటయ్యాయి. మరో గ్రహం మీద నీళ్ళ కోసం తవ్వేవాళ్ళు, కాలంలో వెనక్కి పోయి తాతను కలిసేవాళ్ళు, మనిషిలా నడిచే యంత్రాలు. పెళ్ళిళ్ళ సీజన్‌లో భోజనాల పంక్తి ఫోటోలు తీసి తీసి విసిగిన కళ్ళకు అవి చల్లగా ఉండేవి. నా కెమెరా సంచిలో లెన్సుల పక్కన ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది.

మాటల్లో ఒక తమాషా ఉంది, చెప్పాలి. మరాఠీలో విజ్ఞానం అంటే సైన్స్. తెలుగులో విజ్ఞానం అంటే తెలివిడి. మరాఠీలో యంత్రమానవ్ అన్నదాన్ని తెలుగు పుస్తకాల్లో మరమనిషి అంటారు. మర అంటే యంత్రం, పిండిమరలో ఉన్న మర. ఇక రోబో అనే మాట పుట్టిన దేశంలో ఆ మాటకు మూలం వెట్టిచాకిరి అని ఒక నిఘంటువులో చదివి, ఆ రోజంతా ఎవరికి చెప్పాలో తెలియక తిరిగాను. ఈ మాటలే తర్వాత మా పీకకు చుట్టుకున్నాయి.

మేళావా

ఈ సమ్మేళనాన్ని ఇక్కడ మేళావా అంటారు. ఒక కాలేజీ హాలు అద్దెకు తీసుకుని, సైన్స్ కథలంటే ప్రాణమిచ్చేవాళ్ళు ఒక రోజంతా కూర్చుంటారు. పొద్దున కథా పఠనం, మధ్యాహ్నం క్విజ్, సాయంత్రం వేషాల పోటీ. వరండాలో పాత పుస్తకాల దుకాణాలు. ఇంజినీరింగ్ పిల్లలు అట్టపెట్టెలు కోసి, వంటింటి వెండి రేకు అంటించి, తల మీద స్టీలు గిన్నెలు బోర్లించుకుని వస్తారు. ఒకడు ఆకుపచ్చ రంగు పూసుకుని వచ్చి ఆ రంగు వదలక అలాగే సిటీ బస్సు ఎక్కి ఇంటికి పోయాడు.

మొదటి ఏడాది కరపత్రం చూసి నా అంతట నేనే వెళ్ళాను. "ఫోటోలు తీస్తాను, చాయ్ ఇస్తే చాలు" అన్నాను. అధ్యక్షులు రిటైరైన ప్రొఫెసరు, అందరూ సర్ అంటారు. నన్ను పైకీ కిందికీ చూసి "ఫోటోవాలే, మీరు కూడా చదువుతారా ఇవి?" అని మరాఠీలో అడిగారు. చదివిన పుస్తకాల పేర్లు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే వేరేవాళ్ళతో మాటల్లో పడ్డారు. నాకు బాధ కలగలేదు. నాలాంటివాళ్ళు అంతమంది ఒక చోట ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు. అదే ఎక్కువ.

వెండి రేకు వేషాలు తీసేవాళ్ళకు ఒక మాట. ఫ్లాష్ సూటిగా కొట్టకండి. రేకు అద్దంలా వెలుగును వెనక్కి విసురుతుంది, ముఖం నల్లబడుతుంది. ఫ్లాష్‌ను పైకప్పు వైపు తిప్పండి. వెలుగు మెత్తగా దిగి ముఖం మీద ప్రతి గీతనూ పట్టి ఇస్తుంది. ఈ కిటుకు నేను అక్కడే నేర్చుకున్నాను. నేర్చుకోకపోయినా బాగుండేది.

ఇక సత్కార్. మా వైపు సభ అంటే ముందు సత్కార్, మిగిలింది తర్వాత. వచ్చిన పెద్దమనిషికి శాలువా, కొబ్బరికాయ, పూలగుత్తి. కప్పేవాడూ కప్పించుకునేవాడూ సగంలో ఆగి కెమెరా వైపు తిరుగుతారు. ఫోటో రాకపోతే శాలువా తీసి మళ్ళీ కప్పుతారు. ఆ ఆగిన సగం క్షణం కోసమే ఫోటోగ్రాఫర్‌ను పిలుస్తారు. సైన్స్ కథల మేళావా అయినా అంతే. రెండో ఏడు అతిథులు పెరిగారు, మూడో ఏడు ఇంకా పెరిగారు. కథలు చదవాల్సిన పొద్దుటిపూటను శాలువాలు తినేశాయి. చదవడానికి వచ్చినవాళ్ళకు "రెండు నిమిషాల్లో సారాంశం చెప్పండి" అని చీటీ పంపేవారు. నా దగ్గర ఇన్నేళ్ళ మేళావా ఫోటోలున్నాయి. వరుసగా చూస్తే అది శాలువాల వ్యాపారుల సంఘం అనుకుంటారు.

గంగామణి

ధర్మాబాద్‌లో ఒక పెళ్ళికి పోయినప్పుడు, లెన్స్ మార్చుకుంటుంటే వెనక నుంచి ఒక ఆడగొంతు.

"ఏం బుక్కన్నా అది? బొమ్మల రాకెట్టున్నది."

గంగామణి. పెళ్ళికూతురికి వరసకు అక్క. బిలోలి వైపు, తెలంగాణ హద్దుకు ఆనుకుని ఉన్న ఊరు. భూమి లేని ఇల్లు, పత్తి ఏరుడు, కూలి. ఊళ్ళో తెలుగు బడి ఉన్నంతవరకు, అంటే ఏడో తరగతి దాకా చదివింది. పుస్తకం ఇచ్చి వచ్చాను. మళ్ళీ అటు పోయినప్పుడు తిరిగి ఇచ్చింది, ఇంకోటి అడిగింది. అలా ఏళ్ళు గడిచాయి. అలమారలోని పుస్తకాలు నా పేరు మీద తీసి ఆమెకు మోసుకుపోయేవాణ్ణి.

ఒకసారి పుస్తకంతో పాటు కొన్ని కాగితాలు చేతిలో పెట్టింది.

"జెర సూడన్నా. నవ్వొద్దు. మా ఆయన నవ్విండు, అదే సాలు."

ఆమె భర్త పోశెట్టి పక్కనే బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. "నేను కథకు నవ్వలేదే. గా మిషన్‌గాడు పత్తి ఏరుతుంటె మా పటేల్ మొకం యాదికచ్చి నవ్విన" అన్నాడు.

కథ పేరు "మరమనిషి". ఒక పటేల్ కూలీలు దండగని పత్తి ఏరడానికి ఒక యంత్రాన్ని తెస్తాడు. కొన్నాళ్ళు అది కూలీలతో పాటే సాలులో నడుస్తుంది. మధ్యాహ్నం వాళ్ళు సద్దులు విప్పి కూర్చుంటే అదీ కూర్చుంటుంది. పటేల్ మెకానిక్‌ను పిలిపిస్తాడు. మెకానిక్ విప్పి చూసి ఏ చెడుగూ లేదంటాడు. పక్కవాళ్ళను చూసి నేర్చుకుందని చెబుతాడు. అయితే మనుషుల నుంచి విడగొట్టండి అంటాడు పటేల్. మరునాటి నుంచి కూలీలకు పని బందు. యంత్రం ఒక్కటే చేనులో. మధ్యాహ్నమవుతుంది. అది ఆగుతుంది. తర్వాత ఏం చేస్తుందో నేను ఇక్కడ రాయను. అది ఆమె నోట వినవలసిన మాట.

నేను చాలా చదివాను, ఊరికే పొగిడేవాణ్ణి కాదు. ఆ ముగింపు చదివి కాగితాలు మడిచి ఇవ్వడానికి నాకు చేతకాలేదు.

"ఈ మాట ఎక్కడ దొరికింది చెల్లె, మరమనిషి అని?"

"మా మూడో తరగతి బుక్కుల ఉండె. నీళ్ళ మర, పిండి మర, మరమనిషి అని బొమ్మలు. మిషన్ మనిషి అంటె మంచిగుండదు గదా."

రోబో మాటకు వెట్టి అని మూలముందని చెప్పాను. "గట్లనా" అంది. "మరి మా అత్త సుత రోబోనే."

మేళావాలో చదువుతావా అని అడిగాను. కొంగు వేలికి చుట్టుకుంటూ, "మా ఊళ్ళె సదివితె ఎవలింటరన్నా. ఇసోంటియి సదివేటోళ్ళు, ఇష్టమున్నోళ్ళు ఒక్కపారి ఇనాలె. మంచిగలేదంటె అననీ. ఇనాలె" అంది.

ఆమెకు కావలసింది అంతే. బహుమతి కాదు, పేరు కాదు. ఆ రకం కథలు ఇష్టపడేవాళ్ళు ఒకసారి ఆమె కథ వినాలి.

కమిటీ చుట్టూ తిరిగాను. తెలుగులో చదివితే ఎవరికి అర్థమవుతుందన్నారు. హాలులో సగం మంది ఇళ్ళల్లో తెలుగో, తెలుగు అత్తగారో ఉన్నారన్నాను. చివరకు సర్ ఒప్పుకున్నారు. బాగుంటే వచ్చే ఏటి నుంచి తెలుగుకు విడిగా గంట ఇద్దామన్నారు. ఆయన చెడ్డవాడు కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఊరూరా తిరిగి, దయ్యం పట్టిందని ఆడవాళ్ళను కొట్టే భూతవైద్యుల మీద పోరాడిన మనిషి ఆయన. అంతకు ముందటి ఏడు ఎవరో సైన్స్ కథ పేరుతో పిశాచం కథ చదివితే, ఇకముందు భూతప్రేతాలకు ఇక్కడ చోటు లేదని కార్యక్రమ పత్రం మీదే అచ్చు వేయించారు.

ఆ పొద్దు

గంగామణి, పోశెట్టి పొద్దుటి రైలుకే వచ్చారు. ఆమె కొత్త చీర. కాగితాలు ప్లాస్టిక్ కవరులో. పోశెట్టి ఇస్త్రీ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని చివరి వరుసలో కూర్చున్నాడు.

"అన్నా, మైకుల నోరు దగ్గర పెట్టాల్నా, దూరం పెట్టాల్నా?"

"పిడికెడు దూరం. భయపడకు."

"భయం లేదు. సదివి సదివి నోటికచ్చింది. కాయితం ఊకెనే పట్టుకున్న."

సభ నడిపిస్తున్నది ఒక కుర్ర లెక్చరరు. ఎవరో మరాఠీ లిపిలో రాసి ఇచ్చిన చీటీ చూసి పేరు చదవబోయాడు. "గంగామణి తాయీ, కథా... మర్... మరా మనిషీ..." ఆగాడు. నవ్వాడు. "మరా మాణూస్?"

హాలంతా గొల్లుమంది. మా ఊళ్ళో అందరికీ మూడు భాషలొస్తాయి, అదే మా కర్మ. మరా అంటే హిందీలో చచ్చిన, మాణూస్ అంటే మరాఠీలో మనిషి. చచ్చిన మనిషి. ఇంకే ఊళ్ళోనైనా ఆ పేరు అర్థం కాక ఊరుకునేవారు. మా ఊళ్ళో అందరికీ అర్థమైంది, తప్పుగా.

వెనక నుంచి ఎవడో పిల్లవాడు దయ్యంలా ఊళ పెట్టాడు. సర్ ముఖం మారిపోయింది. మైకు అందుకుని, ఇది విజ్ఞాన వేదిక, చచ్చినవాళ్ళు లేచి తిరిగే కథలకు ఇక్కడ చోటు లేదని మరాఠీలో చెప్పారు. కోపంగా కాదు, బాధగా చెప్పారు. చప్పట్లు మోగాయి. గంగామణి మెట్ల దగ్గర నిలబడి ఉంది. అవి తన కోసమే అనుకుని చేతులు జోడించింది.

నేను కెమెరా దించాను. హమీద్ భాయ్ ఇంట్లో పెట్టి రమ్మన్న చెవులు ఆ రోజు నాతోనే ఉన్నాయి. వేదిక అంచుకు పోయి గట్టిగా చెప్పాను. సర్, అది యంత్రమానవ్. తెలుగులో మర అంటే యంత్రం. దయ్యం కాదు, రోబో కథ.

ఆయన విన్నారు. "అచ్ఛా, అచ్ఛా" అన్నారు. ఏదో సర్దబోతున్నట్టు లెక్చరరు వైపు తిరిగారు కూడా. సరిగ్గా అప్పుడే ద్వారం దగ్గర కలకలం. ముఖ్య అతిథి వచ్చేశాడు, చెప్పిన వేళకు ముందే. అందరూ లేచారు. కమిటీవాళ్ళలో ఒకాయన నా భుజం తట్టి, "ఫోటోవాలే, ఇకడే యా", ఇటు రండి అని చేయి పట్టి లాక్కుపోయాడు. సత్కారాలు మొదలయ్యాయి. తీశాను. ఇంకేం చేస్తాను?

శాలువాలన్నీ అయ్యేసరికి భోజనాల వేళ దాటింది. గంగామణి ఇంకా మెట్ల దగ్గరే ఉంది, కూర్చోలేదు. లెక్చరరు ఆమెను చూసి సర్ చెవిలో ఏదో అన్నాడు. సర్ గడియారం చూసుకున్నారు.

"తాయీంచా పణ్ సత్కార్ కరూన్ టాకా" అన్నారు. అక్కకు కూడా ఒక సత్కార్ చేసి పారేయండి అని.

ఆడమనిషికి శాలువా ఆడమనిషే కప్పాలి. వేదిక మీద అందరూ మగవాళ్ళు. సాయంత్రం వేషాల పోటీకి తయారై ఒక కాలేజీ అమ్మాయి ముందు వరుసలో ఉంది. ఒంటినిండా వెండి రేకు, తలకు అట్టపెట్టె, కళ్ళకు రెండు కన్నాలు. ఆమెను పైకి పిలిచారు. అట్టచేతులతో శాలువా పట్టుకోవడం ఆ పిల్లకు చేతకాలేదు. జారిపోయింది. మళ్ళీ కప్పించారు. గంగామణి చేతిలో కొబ్బరికాయ పెట్టారు. కథ కాగితాల కవరును ఆమె చంకలో ఇరికించుకుంది.

నా చేయి దానంతటదే ఫ్లాష్‌ను పైకప్పు వైపు తిప్పింది. నా నోరు దానంతటదే అంది. "గంగామణీ, ఇటు సూడు."

చూసింది. మరమనిషి శాలువా కప్పుతున్నాడు, మరమనిషి కథ రాసిన మనిషి సూటిగా నా లెన్సులోకి చూస్తోంది. నా జీవితంలో తీసిన ఫోటోలన్నిట్లో అదే గొప్పది. దాన్ని చూసినవాళ్ళంతా అదే అంటారు.

రైలు దగ్గర

స్టేషన్‌కు నేనూ వెళ్ళాను. పోశెట్టి కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"నీళ్ళు మస్తున్నయ్. కాయ అయితె మంచిదే ఇచ్చిండ్రు."

"జెర నోరు మూసుకుంటవా?" అంది ఆమె. కాసేపయ్యాక నా వైపు తిరిగింది. "మర అంటె సచ్చినోడా అన్నా?"

"వాళ్ళకు గట్ల ఇనబడ్డది."

"మరి మా పిండిమర కాడ గిన్నెలు పట్టుకొని నిలవడ్డోళ్ళందరు సచ్చినోళ్ళేనా?"

పోశెట్టి నవ్వాడు, నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఇంకోపారి సదువుమంటరా?"

"అంటరు" అన్నాను.

ఫోటో చేసిన పని

మరునాడు మరాఠీ పత్రికలో ఆ ఫోటో వచ్చింది. కింద ఒక వాక్యం: సైన్స్ కథా రచయిత్రికి రోబో చేతుల మీదుగా సత్కార్. బాగుంది గదా. తప్పు ఒక్క మాట కూడా లేదు.

నేను ఒక పెద్ద ప్రింటు వేయించి వాళ్ళ ఊరికి పట్టుకుపోయాను. అప్పటికే పత్రిక కోత వాళ్ళ గోడ మీద ఉంది, ఎవరో గోధుమపిండితో అంటించారు. ఊళ్ళో అందరూ చూశారట. ఏం కథ చదివినవ్, ఎంతమంది విన్నారు, చప్పట్లు కొట్టారా అని అడిగారట.

"ఏం చెప్పినవ్ మరి?" అన్నాను.

"కొట్టిండ్రని చెప్పిన. కొట్టిండ్రు గదా."

పోశెట్టి బయట గొడ్డలి నూరుతున్నాడు. ఆమె ప్రింటును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"అన్నా, నువ్వు ఫోటో తియ్యకుంటె, సదవనియ్యలేదని అయినా చెప్పుకుందును. ఇప్పుడు సదవలేదంటె ఎవలు నమ్ముతరు? ఫోటో ఉన్నదిగదా."

ఈ వృత్తి గురించి నాకు తెలిసిందంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. కెమెరా అబద్ధం చెప్పదని పుస్తకాల్లో రాస్తారు. నేనూ చదివాను. శాలువా నిజం, కొబ్బరికాయ నిజం, ఆమె ముఖం నిజం. ఇన్ని నిజాలు కలిసి, జరగనిదాన్ని జరిగినట్టు చేశాయి.

"కథ నాకు చదివి వినిపించు. నేను వింట" అన్నాను.

"నువ్వు సదివినవ్ గదన్నా" అంది. నేను పట్టుకుపోయిన కొత్త పుస్తకాన్ని ముట్టుకోలేదు. మర్యాదగా చాయ్ పెట్టింది.

చివరి మేళావా

మరుసటి ఏడు తెలుగు గంట సంగతి ఎత్తాను. కమిటీవాళ్ళు నిజంగానే ఆశ్చర్యపోయారు. పోయినేడే తెలుగువాళ్ళకు చేశాం గదా అన్నారు. చేయలేదు, ఆమె చదవలేదు అన్నాను. ఒకాయన ఫోన్ తీసి నా ఫోటోనే నాకు చూపించాడు. సర్ ఆ ఏడు ఆరోగ్యం బాగాలేక కుర్చీలో ఒరిగి కూర్చున్నారు. ఫోటో చూసి, "ఫార్ సుందర్" అన్నారు, చాలా అందంగా ఉందని. ఆయనకు నిజంగానే ఆమె చదివిందని గుర్తు. ఎలా చెప్పినా ఆ గుర్తును నేను తీసేయలేకపోయాను. నేను వేసిన గుర్తే అది.

అంతటితో ఆగలేదు. వేదిక వెనక కట్టే బ్యానరు మీద ఆ ఫోటోనే వేశారు. గోడంత ఫ్లెక్సు. రోబో, శాలువా, గంగామణి. పైన అన్ని భాషల విజ్ఞానకథకూ స్వాగతం అని మరాఠీలో రాశారు.

దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి, ఆమెకు పంపి, ఫోన్ చేశాను. వస్తే ఈసారి ఎలాగైనా మైకు ముందు నిలబెడతానన్నాను. పత్తి ఏరుతున్నట్టుంది, వెనక ఆడవాళ్ళ మాటలు వినిపించాయి.

"నేను ఆడనే ఉన్న గదన్నా" అంది. "ఇంక నేనెందుకు?"

ఎగతాళిగా అనలేదు. అలా అని ఉంటే బాగుండేది.

మేళావా రోజు సత్కారాలు మొదలయ్యాయి. కప్పేవాడూ కప్పించుకునేవాడూ సగంలో ఆగి నా వైపు తిరిగారు. వాళ్ళ వెనక ఫ్లెక్సు మీద గంగామణి కూడా నా వైపే చూస్తోంది. కుడికి జరిగాను. ఎడమకు జరిగాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎక్కడి నుంచి చూసినా ఇద్దరు పెద్దమనుషుల భుజాల మధ్య ఆమె ముఖమే.

ఇప్పటి కెమెరాలు ముఖాలను వాటంతటవే వెతికి చిన్న చదరం గీసి పట్టుకుంటాయి. ఫ్లెక్సు ముందు నిలబడ్డవాళ్ళు ఒకరితో ఒకరు నవ్వుకుంటున్నారు, చెమట తుడుచుకుంటున్నారు, తల తిప్పుతున్నారు. కదలకుండా సూటిగా చూసేది ఆమె ఒక్కతే. చదరం పోయి ఆమె ముఖం మీద కూర్చుంది. తీసి ముందుకు తెచ్చాను. మళ్ళీ వెనక్కి పోయింది. ఆ యంత్రానికి మనిషి ఎవరో బొమ్మ ఎవరో తెలియదు. తన వైపు చూసేవాళ్ళను చూస్తుంది, అంతే.

బటన్ నొక్కాను. తెర మీద చూసుకున్నాను. ముఖ్య అతిథి మసక, శాలువా మసక. వెనక గంగామణి కంటి కింద గీతలతో సహా స్పష్టంగా ఉంది. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో మడత పడిన కాగితాల అంచు కూడా కనబడుతోంది.

శాలువాను చేతుల్లో సగం ఎత్తి పట్టుకుని సర్ నన్ను అడిగారు. "ఫోటోవాలే, ఆలా కా?"

వచ్చిందా అని. రాకపోతే తీసి మళ్ళీ కప్పుతారు, వాళ్ళ పద్ధతి అది.

"ఆలా సర్" అన్నాను. కెమెరా సంచిలో పెట్టుకుని మెట్లు దిగాను.